బుట్ట వద్దన్న బియ్యం

పిడికెడు తియ్యవే పిన్నీ, ఎసరు మరగక ముందే
ముందటి పిడికిలి సామిది, వెనకటి కూడు మనది
కొంగున...

కొంగున ఏదో వస్తది. కొంగున కట్టమనో, కొంగున దాచమనో. మా అమ్మ రోట్లో దంచేటప్పుడు పాడేది, నాకు అంతవరకే గుర్తు. అక్షరాలు నేర్చాక రాసిపెడదామని కూచుంటే మూడో వరసే రాదు. వరస రాదు గానీ దీనమ్మ పెద్దమ్మ మాత్రం కళ్ళ ముందు నిలబడతది.

దీనమ్మకి వేళ్ళు లేవు. కుడిచేతికి బొటనేలు ఒకటి ఉండేది, ఎడంచేతికి అదీ లేదు. పుట్టినప్పుడు పదీ ఉన్నాయంట, పెళ్ళికి గోరింటాకు కూడా పెట్టించుకుందంట. ఏమైందంటే, కానుపయిన రెండో ఏడు చేతులు మొద్దుబారినయ్. పొయ్యి మీద కుండ దించితే కాలిన సంగతి తెలిసేది కాదు, వాసనొస్తే అప్పుడు చూసుకునేదంట. పెద్ద రోగం, అదే కుష్టు, అన్నారు. ఆ మాట చెవిన పడ్డ వారానికే మొగుడు బిడ్డని భుజానేసుకుని వాళ్ళక్క ఊరు వెళ్ళిపోయాడు, మళ్ళీ ఈ గట్టు తొక్కలేదు. దీనమ్మ నడిచి నడిచి మిషను ఆసుపత్రికి పోయింది. అక్కడ ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగింది. రోగం పోయింది, ఇంక నీ నుంచి ఎవరికీ అంటదు అని డాక్టరమ్మ కాయితం రాసిచ్చింది. పోయిన వేళ్ళు రావు గదా. ఆ కాయితం రవికెలో పెట్టుకుని ఊరికొచ్చింది, వస్తే మా సంఘపెద్ద జకరయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "కాయితానికేం తెలుసు దీనమ్మా, నువ్వు దిబ్బ మీద ఉండు" అన్నాడంట. దిబ్బంటే మా సమాధుల పక్కన తుమ్మచెట్ల మధ్య ఉండే మెరక. అక్కడో గుడిసె వేసుకుంది. కోతలైన చేలో రాలిన కంకులు ఏరుకుని, ఆ పరిగె గింజలు దంచుకుని బతికింది.

ఇప్పుడు మా పల్లెలో పద్ధతి చెప్పాలి, లేకపోతే మీకు కథ తెలవదు. ఇంట్లో బియ్యం కడిగే ముందు ఆడమనిషి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వెయ్యాల. పూటపూటా. ఆదివారం ఆ బియ్యం గుళ్ళోకి తెచ్చి, ముందు పెట్టిన పెద్ద బుట్టలో అందరూ కలిపి పోస్తారు. ఎవరి బియ్యం ఎవరివో మళ్ళీ తెలవదు. దాంతోనే పాస్టరు అయ్యగారి ఇంటికి, దిక్కులేనోళ్ళకి. ఆ బుట్టలో నీ బియ్యం పడితే నువ్వు మా మనిషివి, పడకపోతే కాదు, అంతే అనుకో.

దీనమ్మ కూడా తెచ్చింది. నేనప్పుడు కొత్తకోడల్ని, మా అత్త రాహేలమ్మ పక్కన కూచుని కళ్ళారా చూశా. జకరయ్య ఏం చేశాడంటే, లేచి బుట్ట మీద తన కండువా కప్పేశాడు. "నీ చేతి బియ్యం అందరి బియ్యంలో కలపకూడదమ్మా. దేవుడు నిన్ను శిక్షించాడు. ఏ పాపమో నీకే తెలియాల, ఒప్పుకో, తర్వాత చూద్దాం" అన్నాడు. దీనమ్మ ఏడవలా. "పాపాలుంటే ఆయన ముందు ఎప్పుడో ఒప్పుకున్నా. లేని పాపం నీ ముందు ఒప్పుకోమంటే ఎట్టా జకరయ్యా? ఆ పుట్టుగుడ్డోణ్ణి చూసి ఎవరి పాపమని అడిగినోళ్ళకి ఎవరి పాపమూ కాదని ప్రభువు చెప్పిన మాట నువ్వే గదా మాకు చదివి చెప్పావు. చదివింది నువ్వు, విన్నది నేనా?" అంది. ఆయన మొహం మాడిపోయింది, కండువా మాత్రం తియ్యలా. "సరే, తీసుకోకపోతే పో. నేను వెయ్యడం మానను. నువ్వు బుట్టకి కాపలావి, దేవుడికి కాదు" అని కుండ చంకలో పెట్టుకుని బయటికి పోయింది. పోయి ఇంటికి పోయిందనుకున్నారా? కిటికీ కింద కూచుని పాటలెత్తుకుంది. గొంతు చూస్తే రేకుల మీద వాన. లోపల మేము ఒక చరణంలో ఉంటే ఆమె ఇంకో చరణంలో. మా అత్త పళ్ళు నూరేది, "దీనికి వేళ్ళు పోయినయ్ గానీ నోరు పోలేదే." అప్పటి నుంచి ప్రతి ఆదివారం అంతే, అదే కిటికీ, అదే గొంతు.

ఒకసారి మా అత్తకి తెలవకుండా దిబ్బెక్కి ఆమెకి ఉప్పు ఇచ్చొద్దామని పోయా. అప్పుడు అన్నం వండుతుంది. పిడికెడు తీద్దామంటే చెయ్యి మూసుకోదు గదా, తోడితే సగం బియ్యం జారిపోతన్నయ్. తక్కువైందేమోనని మూడుసార్లు తీసి దేవుడి కుండలో వేసింది. వేసి పైకి చూసి, "సామీ, ఇంకా తక్కువైతే చెయ్యి చూసుకో, నన్ననమాక. ఇది నువ్విచ్చిన చెయ్యే" అంది. దేవుడితో ఎవరైనా అట్టా మాట్లాడతారా? మూల చూస్తే మూడు బానలు, మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తి ఉన్నయ్. అన్నీ బుట్ట వద్దన్న బియ్యం. ఎన్నో రోజులు తను గంజినీళ్ళు తాగి పడుకుంది గానీ ఆ బానల్లో గింజ ముట్టుకోలేదంట. "ఆయనవే అయితే ఏంది పెద్దమ్మా, ఆకలై తింటే ఆయన ఏమన్నా అనుకుంటాడా?" అన్నా. "నా వేళ్ళు తీసుకున్నాడు, నేనేమన్నా అనుకున్నానా? అనుకున్నాలే. చాలా అనుకున్నా. అయినా ఇచ్చింది ఇచ్చిందే" అంది.

మరుసటేడు తుపానొచ్చింది. రెండు రోజులు గాలి, మూడోనాడు పొద్దున్నే వాగు తెగి పల్లె మీద పడింది. ఇళ్ళు నడుముదాకా మునిగినయ్, గుళ్ళో బుట్ట నీళ్ళలో తేలి ఎటో పోయింది. గింజ లేదు, పుల్ల లేదు. నలభై ఇళ్ళ జనం పిల్లల్ని నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాల? ఆ చుట్టుపక్కల మునగని మెరక ఒక్కటే ఉంది. ఏదో మీకే తెలుసు. దీనమ్మని తోసిన దిబ్బ. అందరం అక్కడికెక్కి వానలో తడుస్తా నిలబడ్డాం, గుడిసె దగ్గరికి మాత్రం ఎవరూ పోలా. ముందు జకరయ్య, వెనక మేము.

దీనమ్మ బయటికొచ్చి చూసింది. "ఏందయ్యా, నేను చచ్చినట్టు అట్టా నిలబడ్డారు? రండి లోపలికి, పిల్లలు తడుస్తన్నారు" అంది. ఒక బాన మూతి పగలగొట్టింది. తెల్లగా బియ్యం, పురుగు పట్టలా. ఎసరు పెట్టింది. అందరి కళ్ళూ ఆ బాన మీదే. అప్పుడు ఆమె ఏం చేసిందంటే, మొండిచెయ్యి బానలో పెట్టి బియ్యం తీసింది, తీసి ఎసట్లో వెయ్యకుండా జకరయ్య ముందుకొచ్చింది. మా అత్త ఆగలేక, "ఇప్పుడు కూడానా దీనమ్మా? పిల్లలు సొమ్మసిల్లుతుంటే!" అంది. "ఇప్పుడే" అంది దీనమ్మ. "జకరయ్యా, బుట్ట కొట్టుకుపోయింది గదా, కండువా పట్టు." ఆయన కదల్లా. "పట్టకపోయినా వండుతాలే, భయపడమాక. నీ మీద పంతం పిల్లల మీద చూపను. అయినా పట్టు."

వాన కురుస్తానే ఉంది. ఆమె చేతిలోంచి గింజలు జారతన్నయ్. జకరయ్య వాటిని చూశాడు, ఆమె మొండి చేతిని చూశాడు. బుట్ట మీద కప్పిన కండువానే భుజం మీంచి తీసి, రెండు చేతులా పరిచి పట్టాడు. ఆమె ఒకసారి పోసింది, రెండోసారి పోసింది, మూడోసారి పోసింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "లే లే, పొయ్యి ఊదు, పొగొస్తంది" అంది దీనమ్మ. ఆ గంజి నాలుగు రోజులు మూడు బానలూ అయిందాకా నలభై ఇళ్ళూ తాగినయ్. మా అత్త ఇంకాస్త గంజి పొయ్యమని రెండోసారి ఆకుదొప్ప పట్టింది, నేను చూశా.

తర్వాత ఆదివారం నుంచి దీనమ్మ గుళ్ళో ముందు వరసలో కూచునేది. గొంతు మాత్రం బాగుపడలేదు.

ఆమె చివరి రోజుల్లో వంట నేనే చేసిపెట్టేదాన్ని. ఒకనాడు బియ్యం చేట చేతిలో పట్టుకుని, మనసులో మాట ఆగక అడిగేశా. "పెద్దమ్మా, ఇందుకేనా దేవుడు నీ వేళ్ళు తీసింది? ఆనాడు మేమందరం బతకడానికేనా?" అని. మంచం మీంచి నా వైపు తిరిగింది, కళ్ళు నిప్పుకణికలు. ఆ మర్నాటికి ఆమెకి మాట పడిపోయింది, అందుకే ఇది ఆమె చివరి మాట:

"చాల్లేవే. మూడు బానల గంజికి తొమ్మిది వేళ్ళు తీసుకునేంత చిన్న బేరగాడా మా ప్రభువు? ఇంతకంటే పెద్దదేదో ఉంది, ఎదురుగా నిలబడి నేనే అడుగుతా, చెప్పకుండా నన్ను ఎట్టా తప్పించుకుంటాడో చూస్తా. నువ్వు మాటల్లో పడి ఎసట్లో పోసేవు, ముందు పిడికెడు తియ్యి."