మీ ఆయన మూసిన ద్వారం

కన్నం అనకక్కా. ఇంకొక్కసారి కన్నం అన్నావంటే ఈ బ్రష్షు నీ మీదికే విసురుతాను. అది ద్వారం! ఆ పాత నగరానికి ఉన్న ద్వారం. తవ్వగా తవ్వగా కోటగోడంతా బయటపడింది గానీ, మనుషులు ఎటునుంచి లోపలికి వెళ్లేవాళ్లో మాలో ఎవరికీ అంతుపట్టలేదు. నేను పట్టుకున్నాను. మీ ఆయన సిమెంటు పెట్టి మూసేశాడు.

నవ్వొస్తోందా? నవ్వుకో.

నేను జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచాన పడితే ఇంత పని చేస్తారా ఎవరైనా? బావకి అప్పజెప్పిందేంటి, కదిలిన రాళ్లు సర్దడం. సర్దాడు. సర్దుతూ సర్దుతూ అక్కడిదాకా వచ్చి, అయ్యో పాపం, ఇక్కడ గోడ పడిపోయిందే అని జాలిపడ్డాడు. ఆ జాలే నా కొంప ముంచింది.

నిన్న నేనొచ్చేసరికి ఎంత సంబరంగా నిలబడ్డాడనుకున్నావు! "చూశావా మరదలా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎక్కడైనా సందుందేమో చూపించు!" అంటాడు.

గడప ఏది బావా అన్నాను. గడపేంటి అన్నాడు. కింద అడ్డంగా పెద్ద రాయి, బండిచక్రాలకి అరిగి గాడి పడిన రాయి, అదీ అన్నాను. "ఓ, అదా! పగలగొట్టి లోపల వేసేశాం. గట్టి రాయి, భలే పనికొచ్చింది."

గట్టిదే మరి. ఎన్ని తరాల బండ్లు తొక్కినా నిలిచిన రాయక్కా అది. మీ ఆయన సుత్తి ముందు ఒక్క పూట నిలవలేదు.

కావాలని చెయ్యలేదు, తెలుసులే. కావాలని చేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. అబ్బా, చేతులు పట్టుకోకు, అంతా మట్టి.

నువ్వెందుకొచ్చావో నాకు తెలీదా? ద్వారమని నేనంటే ఈ తవ్వకాల ఆఫీసరు గారు ఆ గోడ విప్పిస్తారు, బావని ఆ పూటే పంపించేస్తారు. ఇంకెక్కడా పని పుట్టదు. పోయిన ఏడంతా పనిలేక ఆయన గోడవైపు తిరిగి పడుకుంటే నువ్వెలా అయిపోయావో చూశాను. కానీ నేను అనకపోతే? ఇంకెవరికి తోస్తుంది విప్పి చూడాలని? గడప ముక్కలైంది. ఇక మిగిలింది నా మాటొక్కటే.

నీకేం పోతుంది అంటావేంటక్కా! తవ్వకంలో దొరికిన కుండపెంకులు కడగడానికి వచ్చిన దాన్ని. నేర్పేవాళ్లు లేక, పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకున్నాను. నేను, నా అంతట నేను, కనిపెట్టింది అదొక్కటే.

ఏడవకు. చెప్పేది విను. ఆఫీసరు గారు ఎప్పుడొస్తారని కదా అడుగుతున్నావు? పొద్దున్నే వచ్చి వెళ్లారు.

"ద్వారం దొరికిందని ఫోన్ చేశావు కదమ్మా, ఏదీ?" అన్నారు. లేదండీ, గోడ కూలిన చోటు, నేనే తొందరపడ్డాను అన్నాను. ఫొటోలు తియ్యలేదా అన్నారు. సరిగ్గా రాలేదండీ అన్నాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. అందులోనే ఉన్నాయి, ఒక్కొక్కటీ అద్దంలా.

"పర్లేదులే, కొత్తలో అందరికీ అలాగే అనిపిస్తుంది" అని భుజం తట్టి మరీ వెళ్లారు.

కళ్లు తుడుచుకుని ఇంటికెళ్లు. బావని సాయంత్రం వచ్చి ఆ సిమెంటుకి నీళ్లు పట్టమను. ఎండకి అప్పుడే బీటలిస్తోంది.