పొర కింద ప్లాటినం

మైక్రోస్కోపు గది తలుపు ప్రొఫెసరే దగ్గరగా వేశాడు. రెండేళ్ళ క్రితం దొంగతనం అంటగట్టి వెళ్ళగొట్టిన శిష్యురాలిని ఇవాళ తనే పిలిపించుకున్నాడు. ఆమె కూర్చోలేదు. ఈ గదిలో తన కుర్చీ ఏదో ఆమెకింకా గుర్తే.

"ఆ నల్లటి గింజలు చూడమ్మా. ప్లాటినమే. నువ్వు తయారుచేసిన పొడే ఇది."

"అంటే, నేను కాజేసిన ప్లాటినమా సార్?"

"ఎత్తిపొడవకు. అప్పుడు హైడ్రోజన్ పట్టించి చూశాం కదా, ప్లాటినం ఉంటే దాన్ని పట్టుకోవాలి, ఆ పొడి కాస్తయినా పట్టుకోలేదు. అందులో లోహమే లేదనుకున్నాను."

"ఉందని నెత్తీనోరూ మొత్తుకున్నాను."

"గింజల మీద పల్చటి పొర కనిపిస్తోందా? ప్లాటినానికి ఆధారంగా కింద పడుండాల్సిన టైటానియా పొడి పైకి పాకి వాటిని కప్పేసింది. హైడ్రోజన్‌లో వేడి మరీ ఎక్కువైతే అలా పాకుతుంది."

"ఫర్నేసు వేడి పెంచమన్నదెవరు సార్?"

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి, మరకేమీ లేకపోయినా తుడిచాడు.

"నేనే."

"నేను గదిలోకొస్తే మా అత్తగారు ఇప్పటికీ బీరువా తాళాలు దాచుకుంటారు."

"పొరపాటైందమ్మా. గాలిలో కాలిస్తే ఆ పొర విడిపోయింది, ప్లాటినం మళ్ళీ పనిచేస్తోంది. నువ్వూ వచ్చి చేరిపో. ఈ మాట మాత్రం మనిద్దరి మధ్యే ఉండనీ."

ఆమె వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. బయట బల్లల దగ్గర పనిచేసుకుంటున్నవాళ్ళంతా తలలెత్తారు.

"నన్ను దొంగ అన్నప్పుడు ఈ తలుపు ఇలాగే తీసుంది సార్. ఇప్పుడు చెప్పండి."