కొర్లయ్య ఒంకర కొయ్య

కొర్లయ్యని ఆ పొద్దు సూడాల. మీసం మీద సెయ్యేసుకుని పడవ పక్కన నిలబడి, బావమరిది గురువులు రాకుండానే నా పడవకి మోకులు నానే మార్సుకుంటాను అన్నాడంట. మోకులంటే తెలుసును గదా, తెరసాప కొయ్య పడిపోకుండా కుడిపక్కోటి, ఎడంపక్కోటి లాగి కట్టిన తాల్లు. అవి కుల్లిపోనాయి. ఆ ఊర్లో మోకు కట్టాలంటే గురువులే, తాతల నాటినుంచీ ఆల్ల పనే అది. ఏటయిందంటే, ఓ పెల్లి భోజనం కాడ గురువులు నలుగుర్లో, మా బావకి మోకు కట్టమంటే కాల్లకి సుట్టుకుని పడతాడు అని నవ్వీసినాడంట. కొర్లయ్యకి ముద్ద దిగనేదు. గంగమ్మకి మొక్కి పడవలు దింపే రోజుకి నా కొయ్య నా సేత్తోనే నిలబెడతాను, నేకపోతే మీసం తీసీసి తిరుగుతాను అనీసి ఇస్తరి ముందునుంచి లేసొచ్చీసినాడు.

మరి మోకులు మార్సడమంటే మాటలా. రెండూ ఒక్కపాలి విప్పబోతే పెల్లాం దానమ్మ సూసి, ఒకటి విప్పి కట్టినాక రెండోది విప్పు, నేకపోతే కొయ్య నెత్తిమీద పడతాది అందంట. నాకు తెల్దా అన్నాడు. అనీసి అలాగే సేసినాడు. కుడి మోకు తనే రెండు సేతులూ సాపి బారలెట్టి కొలిసినాడు, ఆరు బారలు. కోసి, కట్టి, తారు పూసీసినాడు. అప్పటికే అరిసేతులు తాటి కొబ్బరిపీసుకి ఒరుసుకుపోనాయి. ఎడందాన్ని నువ్వు కొలువే, ఆరు బారలే అన్నాడంట. దానమ్మ కొలిసింది. కొలిసిందిగానీ, దానమ్మ మొగుడికన్నా జానెడు పొడుగు అనుకో. గురువులు అక్క గదా, ఆ ఇంట అందరూ అంతే. సేతులు సాపిందంటే ఈ గోడ నుంచి ఆ గోడకి.

ఇంకేటుంది, ఎడం మోకు పొడుగైపోనాది, కొయ్య కుడిపక్కకి వాలిపోనాది. తెల్లారితే పడవలు దింపాల. మల్లీ కట్టడానికి తాడూ నేదు, పొద్దూ నేదు. పైగా ఎందుకు వాలిందో సెప్పాలంటే పెల్లాం తనకన్నా పొడుగని నోటితో సెప్పాల. అంతకన్నా మీసం తీయించుకోడమే నయం అనిపించిందంట పాపం. తెల్లారి గురువులు ఒడ్డుకొచ్చి, బావా, కొయ్య పడుకుందేటి అన్నాడు. కొర్లయ్య కన్ను ఆర్పకుండా, "నానే వంచినాను. గాలి దక్షిణం నుంచి వస్తాది. గాలికేసి మొగ్గితే పడవ తేలిగ్గా పోతాది. నీకు తెల్దు, మీ తాతకీ తెల్దు" అన్నాడంట. దానమ్మ నోటికి కొంగు అడ్డెట్టుకుంది.

మరి గంగమ్మ తల్లి ఎవుల పక్షమో గానీ, నిజంగానే పోయింది ఆ పడవ. తూరుపుకి పోతుంటే దక్షిణం గాలి కుడిపక్కే గదా. అందరికన్నా ముందెల్లి సేపలమీద పడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అదే గాలి ఎడంపక్కకి వచ్చింది, వాలిన కొయ్యని ఇంకా వాల్చీసింది. పడవ నీల్లు తాగుతా తాగుతా, అందరూ సేపలు అమ్ముకుని ఇల్లకి పోనాక ఒడ్డు సేరింది. పోవడం ఊరంతా సూసింది, రావడం దానమ్మొక్కతే సూసింది. మెత్తబడిన సేపలు గంపకెత్తుకుని, ఇప్పుడైనా నిజం సెప్పరాదా అందంట. సెప్పనేదు.

మర్నాడు గురువులే వచ్చి, బావా, ఎన్నేసి బారలెట్టినావు అని అడిగినాడు. గురువులు అడగడం! కొర్లయ్యకి కడుపు నిండిపోనాది. రెండుపక్కలా ఆరే అన్నాడు. గురువులు ఎల్లి తన పడవకి ఆరూ ఆరూ కొలిసి కడితే కొయ్య నిట్టనిలువుగా నిలబడ్డాది. మల్లీ వచ్చినాడు. కొర్లయ్య నెత్తి గోక్కుని, "కుడిది మొగుడు కొలవాల, ఎడంది పెల్లాం కొలవాల. అది సాస్త్రం" అనీసినాడంట.

ఊరంతా ఆ సాస్త్రమే పట్టుకుంది. గానీ అందరి పెల్లాలూ దానమ్మంత ఉంటారా ఏటి. పొట్టి పెల్లాలున్నోల్ల కొయ్యలు ఎడంపక్కకి వాలినాయి. ఆల్లు పొద్దున్న అందరికన్నా ఎనక పోతారు, సాయంత్రం అందరికన్నా ముందొచ్చి తాజా సేపలు అమ్మీసుకుంటారు. కొర్లయ్య ఇంకా సముద్రంలో ఏలాడుతుంటే, అన్నాలు తినీసి ఇసకలో కూకుని, కొర్లయ్యంతోడు నేడురా అని పొగుడుతా ఉంటారు. అందర్లోకీ గట్టిగా పొగిడేది గురువులే అనుకో. మరి ఆ కొర్లయ్యకి అసలు సంగతి ఎవులైనా సెప్పొచ్చు గదా అంటావా? నానెందుకు సెప్తాను, మా ఆడదీ పొట్టిదే.