అరవై నాలుగు మెట్లు

పది గంటల నలభై నిమిషాలు. బేసిన్‌లో చేపలకి నీళ్ళు మారుస్తున్నాను, కనిపిస్తోందిగా? నన్ను తొందరపెట్టకు, పొయ్యి తాతా. పన్నెండు కొట్టేలోపు నిన్ను పంపే పూచీ నాది. పోయినేడాది సంగతి మాత్రం ఎత్తకు.

సరే, మొహం అలా పెట్టావు కాబట్టి చెప్తున్నా. పోయినేడాది ఇదే ఆఖరి నెల ఇరవై మూడో తేదీన నేను అగరుబత్తి వెలిగించేసరికి ఒంటిగంటా పది. ఊళ్ళో పొయ్యి దేవుళ్ళంతా మధ్యాహ్నానికే చేపలెక్కి పైకి పోతారు, ఇంటింటి ఏడాది కబుర్లూ పైవాడికి చెప్పాలిగా. నా ఒక్కదాని కోసం ఆగుతావా? నేను ఖాళీ పొయ్యి ముందు నిలబడి పదకొండు మాటలిచ్చాను. పది కిలోలు తగ్గుతానన్నాను. రెండో కొట్టు పెడతానన్నాను. ఇంగ్లీషు నేర్చుకుంటానన్నాను. చివరిది, మియెన్ అక్కతో రాజీ పడతానన్నాను.

ఒక్కటీ జరగలేదు. అయితే ఏం? నువ్వు వినని మాటకి నా పూచీ లేదు. పైన అలాగే చెప్పు. హాయ్‌ఫాంగ్‌లో పీత నూడుల్స్ అమ్మే న్యాన్ అలా అంది అని పేరు పెట్టి మరీ చెప్పు.

ఈసారి మూడే.

నా కూతురు దియెప్ ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చింది. గుండ్రంగా గీసి మూడు ముక్కలు చేశారు: పని, ఆరోగ్యం, అయినవాళ్ళు. మూడూ సమానంగా నిండాలట, ఒకటి పెరిగి ఇంకొకటి తరిగితే చక్రం దొర్లదట. నింపి ఇచ్చాను. చదివి నవ్వింది. "అమ్మా, వీటిని ఏడాది లక్ష్యాలంటారా? ఇవి సోమవారం పనులు" అంది.

నవ్వనీ. పెద్దవి రాసుకుని ఫిబ్రవరికల్లా వదిలేసిన కాగితాలు దాని అలమారాలో నాలుగున్నాయి. నేను చూశాను.

మొదటిది రాసుకో. సోమవారం కొట్టు మూస్తాను. పంతొమ్మిదేళ్ళలో కొత్త ఏడాది టెట్ పండక్కి తప్ప మూసింది లేదు. పక్క కొట్టు ఆవిడ అప్పుడే అంది, "నువ్వు సోమవారం మూస్తే మంగళవారం కూడా నీ దగ్గరికొచ్చేవాళ్ళు నా దగ్గరే తింటారు" అని. తిననీ. ఆవిడ పీతని దంచదు, మిషన్లో వేస్తుంది. బుధవారానికి తిరిగొస్తారు.

రెండోది. ఈ మోకాళ్ళతో అరవై నాలుగు మెట్లు ఎక్కాలి, మధ్యలో రెండుసార్లకి మించి ఆగకుండా. డాక్టరు పరిగెత్తమనలేదు, నేనూ పరిగెత్తను. రోడ్డు మీది వంతెనకి ముప్పై ఒక్క మెట్లు. నెల నుంచి తెల్లారగానే ఎక్కుతున్నాను. మొదటి రోజు పద్నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయాను, పాలవాడు ఎవరికైనా ఫోన్ చేయాలా అని అడిగాడు. నిన్న రెండుసార్లు ఎక్కాను, ఒక్కసారే ఆగాను.

మూడోది. ఒకరింటికి వెళ్ళి, కూర్చుని, ఒక్క కప్పు టీ తాగి వచ్చేస్తాను. రాజీ కాదు. కన్నీళ్ళు లేవు. కప్పు ఖాళీ అవగానే లేస్తాను.

ఎవరింటికని అడుగుతావేం? నీకు తెలీదా?

తొమ్మిదేళ్ళ కిందట అమ్మ తద్దినం నాడు, పన్నెండుమంది భోజనానికి కూర్చున్న చోట, పులుసు నోట్లో పెట్టుకుని అక్క అంది, "అమ్మ ఇంత ఉప్పు వేసేది కాదు." నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. "చివరి మూడేళ్ళూ అమ్మ తిన్నది నా చేతి ఉప్పే, నువ్వెక్కడున్నావు?" అన్నాను. చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టి లేచింది. "ఇక నా మెట్లు ఎక్కకు" అంది. ఎక్కనన్నాను. ఎక్కలేదు.

అక్కది పాత ప్రభుత్వ క్వార్టర్స్. పై అంతస్తు. అరవై నాలుగు మెట్లు.

అదీ సంగతి. మూడు ముక్కలూ సమానమని దియెప్‌కి చెప్పాను, కానీ నీ దగ్గర దాపరికం దేనికి? ఆవిడ ఇంట్లో ఉండేది సోమవారం. ఎక్కాల్సినవి ఆవిడ మెట్లు. తాగాల్సింది ఆవిడ టీ. మూడూ ఒకటే.

పండగ మొదటి రోజు వెళ్ళను. కొత్త ఏడాది ఆవిడ గడపలో తొలి అడుగు నాదైతే, ఆ తర్వాత ఆవిడ ఎప్పుడు తుమ్మినా నా పాదం వల్లే అంటుంది. ఆరో రోజు సోమవారం, ఆ రోజు వెళ్తాను.

ఏంటి, చిన్నదా? నువ్వు నయం, ఇద్దరు మగవాళ్ళూ ఒక ఆడమనిషీ ఒకే దేవుడై ఒకే పొయ్యి దగ్గర సర్దుకుపోయారు. మేం ఒక తల్లి పిల్లలం, ఒక గిన్నె పులుసు దగ్గర సర్దుకోలేకపోయాం. నాకు ఇది చాలు. ఇదిగో మీ ముగ్గురికీ మూడు కాగితం టోపీలు. కాలుస్తున్నాను. పదకొండూ యాభై. చేపల్ని నదిలో వదిలి వస్తా, బయల్దేరు.

*

ఆరో రోజు. నువ్వు పైనుంచి దిగి వారమైంది, వినే ఓపిక ఉంటే విను.

కొట్టు మూశాను. మెట్లు ఎక్కాను. ఇరవై రెండో దాని మీద ఒకసారి, నలభై ఎనిమిదో దాని మీద ఒకసారి ఆగాను. మూడోసారి ఆగలేదు. తలుపు కొట్టాను.

తలకి తువ్వాలు చుట్టుకున్న ఎవరో అమ్మాయి తీసింది. మియెన్ గారు ఇక్కడ లేరంది. పదో నెలలోనే ఇల్లు మార్చుకున్నారట. ఎండా గాలీ వచ్చే ఈ రెండు గదులు ఈ అమ్మాయికి ఇచ్చేసి, కింద సైకిళ్ళు పెట్టే చోటు పక్కన ఉన్న ఒక్క గది అక్క తీసుకుందట. నేను ఆ తలుపు ముందు నుంచే ఎక్కి వచ్చాను.

అంత మంచి ఇల్లు ఎందుకు వదులుకుందని అడిగాను.

"మేమూ అదే అడిగాం పిన్నిగారూ. మా చెల్లెలు మెట్లు ఎక్కదు అన్నారు."