కావాలనే తీశానని రాయి

పట్టించుకోవద్దని నువ్వు తేలిగ్గా అనేస్తావు బాబూ! ఉత్తరాలు వచ్చేది నీ ఇంటికి కాదుగా. పోయిన మంగళవారం కూడా ఇదే మాట అన్నావు. మొదటిది మామూలు తెల్ల కవరు. రెండోదాని మీద ఎర్ర గీత. ఇదిగో, ఇది మూడోది, నిన్న వచ్చింది. చదువుతుంటే ఎవరో గుమ్మంలో నిలబడి గద్దిస్తున్నట్టు లేదూ? ‘మిస్ ఎనిడ్ హార్డ్‌కాసిల్, పద్నాలుగు రోజుల్లోగా...’ డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, నన్ను ఇంత పూర్తి పేరుతో ఎవరూ పిలవలేదు.

నూట నలభై పౌండ్లు! దేనికట? ఒక సాల్మన్ చేప డబ్బా, రెండు నీలం ఊలు ఉండలు. అవీ నా చక్రాల సంచిలోంచి తీసి మళ్ళీ అరల్లో పెట్టేసుకున్నారు. డబ్బాకి సొట్ట కూడా పడలేదు. ఈ డబ్బంతా నన్ను పట్టుకున్న కాపలావాడి సమయానికట. నేను పోకపోతే ఆ రోజు అతనికి జీతం ఇవ్వరా ఏమిటి? ఆఁ, నవ్వు. నాకూ మొదట నవ్వే వచ్చింది.

తెలుసు, తెలుసు. ఇది జరిమానా కాదు, కోర్టు వేసింది కాదు, దుకాణం తరఫున ఏదో కంపెనీ అడుగుతున్న డబ్బు. పోయినసారే చెప్పావు. అయినా కట్టేస్తాను. నా పింఛనులోంచి నెలకి పది పౌండ్లు తీసుకోమని ఒక ఉత్తరం రాసిపెట్టు, చాలు. ఈ లైబ్రరీలో సలహాల బల్ల దగ్గర నువ్వు కూర్చునేది అందుకేగా?

ఏమిటీ? మర్చిపోయి సంచిలో వేసుకుందని రాస్తావా?

వద్దు! ఆ ఒక్క మాటా రాయొద్దు.

ఆ దుకాణం మేనేజరమ్మాయీ ఇలాగే అంది. పాతికేళ్ళు ఉంటాయేమో. వెనకవైపు కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు నన్ను. కాపలావాడు కాగితాలు తీస్తున్నాడు. ఆ పిల్ల నా పక్కనే కూర్చుని, “మర్చిపోయుంటారు లెండి. మా అమ్మమ్మా అంతే, కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతుకుతుంది. మీ డాక్టరెవరో చెప్పండి, ఒక్క ఫోను చేస్తాను. కౌన్సిల్లో కూడా ఎవరికైనా చెబుదాం, మీకు సాయంగా ఉంటుంది” అంది.

ఎంత మంచి పిల్లో! కౌన్సిల్ అనేసరికి దాన్ని అక్కడే ఆపేశాను.

“మర్చిపోలేదమ్మా, కావాలనే తీశాను” అన్నాను. దాని మొహం చూడాలి! “అలా అనకండి” అంటుంది. “అంటాను. తప్పు ఒప్పుకునే ఆ కాగితం ఇటు తే” అన్నాను. సంతకం పెట్టాను. ఆ కాగితం చేతిలో ఉంది గనకే వీళ్ళు ఇలా వెంటపడుతున్నారు. ఇకమీదట ఆ దుకాణంలో కాలు పెట్టకూడదని ఇంకో కాగితం కూడా ఇచ్చారు.

నాకేం పిచ్చి పట్టలేదు బాబూ. నాకో చెల్లెలుంది. బెరిల్. దానికి అరవై ఆరేళ్ళు, బుద్ధి మాత్రం ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. అమ్మ పోయినప్పటి నుంచీ నా దగ్గరే. కౌన్సిల్ సంక్షేమ విభాగం నుంచి మిసెస్ లంబ్ ఆరు నెలలకోసారి వస్తుంది, బిస్కెట్లు తింటుంది, బెరిల్‌ని పలకరిస్తుంది. వెళ్ళే ముందు నావైపు తిరిగి, “మీరెలా ఉన్నారు ఎనిడ్? ఈమధ్య మతిమరుపు ఏమైనా?” అంటుంది. నవ్వుతూనే అంటుంది. పెన్ను మాత్రం కాగితం మీదే ఉంటుంది.

నాకు తుంటి విరిగినప్పుడు మూడు వారాలు బెరిల్‌ని కౌన్సిల్ వాళ్ళ సంరక్షణ హోములో ఉంచారు. దువ్వడం కష్టమని జుట్టు కత్తిరించేశారు. తిరిగొచ్చాక నెల రోజులు మాట్లాడలేదు, గోడ పట్టుకుని నడిచేది. రాత్రి నా చొక్కా అంచు పట్టుకుంటే గాని నిద్రపోదు ఇప్పటికీ. దొంగతనం చేసిన అక్కని తిడతారు, డబ్బు అడుగుతారు. మతి పోయిన అక్క దగ్గర చెల్లెల్ని ఉంచుతారా? నువ్వే చెప్పు.

అందుకని, కావాలనే తీశానని రాయి. ఈ వయసులో సిగ్గు లేకుండా తీసింది అని రాయి.

ఏమిటది? రికార్డింగా? దుకాణం కెమెరాల్లోది? పంపమని వాళ్ళకి రాసేశావా? ఎప్పుడు? ఎవర్ని అడిగి రాశావు!

నన్నా?

పోయిన మంగళవారం... నేనే సరేనన్నానా? ఏదీ, ఇటు ఇవ్వు. ఇది... అవును, నా సంతకమే. ఎనిడ్‌లో ఆ మొదటి అక్షరం నేను అలాగే తిప్పుతాను.

నేను ఎందుకు ఒప్పుకుంటాను బాబూ? అది ఎవరూ చూడకూడదనేగా ఈ డబ్బు కట్టేస్తానంటున్నాను!

అందులో బెరిల్ ఉంది. ఆ రోజు నాతోనే వచ్చింది. లోపల తలుపు పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. “కదలకు, ఇప్పుడే వస్తా” అన్నాను. తర్వాత పట్టుకున్నారు, ఆ గది, ఆ కాగితాలు, వదిలేశారు. పదకొండున్నరకి బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాను.

టీ పెట్టాను. రెండు కప్పుల్లో పోశాను. ఒకటి తాగాను. రెండోది ఎవరికి పోశానా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను బాబూ. చాలాసేపు.

మళ్ళీ అక్కడికి చేరేసరికి నాలుగు దాటింది. లోపలికి రాకూడదన్న కాగితం నా జేబులోనే ఉంది. అద్దం తలుపు బయట నిలబడి చెయ్యి ఊపాను. బెరిల్ నన్ను చూసింది, నవ్వింది, లేవలేదు. చెయ్యి పట్టుకుని లేపితే గాని లేవదు. ఆ కాపలావాడే ఉన్నాడు. నన్ను చూసీ చూడనట్టు పైకప్పు వైపు చూశాడు. అతన్ని దేవుడు చల్లగా చూడాలి. లోపలికి వెళ్ళాను. బెంచీ తడిసి ఉంది. “కదల్లేదు ఎనిడ్, నువ్వు చెప్పినట్టే కదల్లేదు” అంది.

అదంతా ఆ రికార్డింగులో ఉంటుంది. తెప్పించి ఏం చూపిస్తావు, నేను దొంగని కాదనా?

పెన్ను ఎందుకు కింద పెట్టేశావు? ఆ వెనక గదిలో ఉన్న మీ పైఅధికారి ఆవిడతో మాట్లాడాలా? మాట్లాడి? మిసెస్ లంబ్‌కి ఫోను చేస్తారా? రహస్యంగా ఉంచుతామని ఆ గోడమీద అంత పెద్దగా రాసి పెట్టారే!

ఏమంటున్నావు? కొంచెం గట్టిగా చెప్పు.

బెరిలా? ఇప్పుడా? ఇక్కడే ఉంది. ఈ తలుపు బయటే, కుర్చీలో. ఎర్ర కోటు వేశాను. ఇద్దరం కలిసే వచ్చాం, నలభై ఐదో నంబరు బస్సులో. కలిసే ఎక్కాం.

చూసి రమ్మంటావా?

నేను లేవను. నువ్వు వెళ్ళి తలుపు తీసి చూడు బాబూ. ముందు నువ్వు చూడు.