మూత తీసిందెవరు?

వంటింటి పక్క గది. పట్టపగలే కిటికీకి దుప్పటి కట్టి ఉంది. కోడిగుడ్లు పొదిగించే థర్మాకోల్ పెట్టె ముందు అల్లుడు కూర్చున్నాడు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

“...ఎవరో మూత తీస్తున్నారు అత్తయ్యా. లేకపోతే తేమ ఇలా పడిపోదు.”

“దొంగలై ఉంటారు. బీరువాలో నా గొలుసు వదిలేసి, మీ పెట్టెలో తేమ ఎత్తుకుపోయారు.”

“నవ్వులాట కాదు. పొద్దున మీ అమ్మాయి గుడ్లు తిప్పి మూతేసినప్పుడు యాభై ఉంది. ఇప్పుడు ముప్పై ఐదు.”

“వేడి?”

“వేడి బాగానే ఉంది. ముప్పై ఏడున్నర.”

“సంతోషం. మీ మామగారికి టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఈ ఇంట్లో ఇన్నిసార్లు థర్మామీటరు చూడలేదు. అయినా బతికారు.”

“ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు, ఇక తేమ అరవై ఐదుకి పెంచాలి. గాలి పొడిగా ఉంటే లోపలి పొర తోలులా బిగుసుకుపోతుంది. పిల్ల పెంకు పగలగొట్టినా బయటికి రాలేదు.”

“ఇంకో గిన్నె నీళ్ళు పెట్టండి, పోయిందేముంది?”

“మరీ ఎక్కువైతే లోపలే మునిగి చచ్చిపోతుంది.”

“తక్కువైతే బిగుసుకుపోతుంది, ఎక్కువైతే మునిగిపోతుంది. మాట్లాడితే తప్పు, మాట్లాడకపోతే తప్పు. అచ్చం మా అమ్మాయి వరసే.”

“అత్తయ్యా...”

“కోడికి ఇవన్నీ తెలీవు పాపం. ఊరికే కూర్చుంటుంది.”

“మనకి కోడి లేదు కదా.”

“అల్లుడున్నాడు.”

“సరే. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది మీరొక్కరే. మూత ఎవరు తీస్తున్నారంటారు?”

“నన్నా అడుగుతున్నారు? ఈ గదిలోకి రావద్దనేగా మీ ఆవిడ ఆర్డరు. నేను గిన్నె చప్పుడు చేస్తే గుడ్లు బెదురుతాయట.”

“తను అలా అనలేదు.”

“అవును, అలా అనలేదు. ఈ ఇంట్లో గాలాడటం లేదని మాత్రం అంది. మీ పెట్టెకి చుట్టూ కన్నాలు పొడిచారు. ముందే తెలిస్తే గోడలకి కూడా పొడిపించేదాన్ని.”

“కోపంలో అన్న మాట అది.”

“కోపంలోనే అద్దె ఇల్లు చూసుకున్నారు. కోపంలోనే సామాన్లు సర్దుకున్నారు. కోపంలోనే వ్యాను మాట్లాడుకున్నారు. చాలా ఓపికున్న కోపం.”

“కోడిపిల్లలు బయటికి వచ్చేదాకా ఆగుదామని తనే అంది కదా.”

“అనదూ మరి. కన్నతల్లి ఇంకో రెండ్రోజులు ఉండవే అంటే ఉండనంది. గుడ్లు కుదుపులకి తట్టుకోవని మీరనగానే నోరు మూసుకుని ఆగింది. ఎవరి విలువ వాళ్ళది.”

“ఆ టార్చి ఇటు పట్టుకోండి. ఒక్కోటీ చూసి మూతేస్తాను. ఇక ముట్టుకోకూడదు.”

“నేనా?”

“నా రెండు చేతులూ గుడ్డుకే సరిపోతున్నాయి. కింద నుంచి పట్టండి. ఆ, అలా.”

“నల్లగా ఉందేం? చెడిపోయిందా?”

“పిల్ల నిండిపోయింది. పైన ఆ తెల్లటి ఖాళీ ఉందే, అక్కడే మొదటి ఊపిరి తీస్తుంది.”

“కదిలింది.”

“కదులుతుంది.”

“అది కాలా?”

“అత్తయ్యా, మీ తల అడ్డొస్తోంది.”

“నాకు చత్వారం, దగ్గరికి వంగితేగానీ కనపడదు. తర్వాతది చూడండి.”

“ఇదీ బాగుంది. ఇదీ... ఇదేంటి?”

“ఏది?”

“ఇందులో పిల్ల లేదు. ఎర్రటి దారాల్లా నరాలు, మధ్యలో చుక్క. ఇది ఈమధ్య పెట్టిన గుడ్డు.”

“కొందరు నెమ్మదిగా పెరుగుతారు. మీ ఆవిడకి కూడా నడక ఆలస్యమే.”

“అన్నీ ఒక్కరోజే పెట్టాను అత్తయ్యా. తిప్పేటప్పుడు తెలియడానికి ఒకవైపు ఇంటూ, ఒకవైపు సున్నా గీశాను. దీనిమీద ఏ గుర్తూ లేదు.”

“చెరిగిపోయుంటుంది, అంత తేమలో.”

“తేమ లేదనేగా ఇంతసేపూ గొడవ. ఇదిగో, ఇంకోటి. దీనిమీదా లేదు. రోజూ తిప్పే మనిషికి కనపడలేదా ఇవి?”

“దానికి నా మొహమే కనపడదు, గుడ్లు కనపడతాయా?”

“అత్తయ్యా.”

“వెనకింటి టైలరమ్మ పెరట్లో కోళ్ళున్నాయి. పుంజు కూడా ఉంది. ఇస్తానంటే వద్దనడం ఎందుకని...”

“మీరు పెట్టారా?”

“మూత కాస్తే ఎత్తాను. తర్వాత ఎలా ఉన్నాయోనని రోజూ మధ్యాహ్నం ఓసారి ఎత్తి చూస్తున్నాను, అంతే.”

“వీటికి ఇంకా రెండు వారాలు పైనే పడుతుంది. పెద్దవాటికి తేమ పెంచాలి, వీటికి పెంచకూడదు. వాటిని ముట్టుకోకూడదు, వీటిని తిప్పాలి. ఒకే పెట్టెలో రెండూ ఎలా కుదురుతాయి?”

“ఇంటి గురించి మీ ఆవిడా ఇదే అంది.”

“తెలిసే పెట్టారా?”

“మీరు రోజూ ఫోనులో ఆ వీడియోలు గట్టిగా పెట్టుకుని వింటారు. నాకేం చెవుడు లేదు. ఆఖరి గుడ్డు పగిలేదాకా పెట్టె కదపకూడదని నేనూ విన్నాను.”

“అందుకని...”

“అందుకనే. మాటతో దాన్ని ఆపలేను నాయనా. నా నోటికి మంచిమాట రాదు, దాని చెవికి నా మాట పడదు. ఇంకొన్నాళ్ళు పొద్దున్నే దాని అడుగుల చప్పుడు వినిపిస్తే చాలనిపించింది. నవ్వుకోండి. వచ్చాక దానికి కూడా చెప్పి నవ్వుకోండి.”

“నవ్వడం లేదు.”

“అది ఎలాగూ వెళ్ళిపోవాలనే చూస్తోంది. రెండు గుడ్ల కోసం ఆగుతుందా?”

“రెండు కాదు, మూడున్నాయి. చూడండి, ఇది కూడా కొత్తదే.”

“నేను పెట్టింది రెండే. మీ మీద ఒట్టు.”

“తెలుసు. దీనికి గుర్తులున్నాయి.”

“అయితే మీరు పెట్టిందే.”

“నేను గీసింది పెన్సిలుతో అత్తయ్యా. ఇది కాటుక. ఈ ఇంట్లో కాటుక పెట్టుకునేది మీ అమ్మాయి ఒక్కతే.”