నీలం పోగు కట్ట

అమ్మలారా, అయ్యలారా, మగ్గాలు ఆపుకుని వచ్చిన మన వీధి పెద్దలారా, వనపర్తి నుంచి బస్సులో వచ్చిన భాస్కర్ సార్, అలంపూర్ దవాఖానలో సెలవు పెట్టి వచ్చిన హెప్సిబా అక్కా, అందరికీ దండాలు.

రాధమ్మ పెద్దమ్మ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఈ గదికి తాళం పడి కూడా పదకొండు రోజులే. ఏడేళ్ళ పాటు ప్రతి ఆదివారం మనం నవలలు ముందు పెట్టుకుని కొట్లాడుకున్న గది ఇది. ఈ సభ కోసం తాళం తీశారు. సభ కాగానే మళ్ళీ వేస్తారట. నూలు మూటలు పెట్టుకుంటారట. ఆ మాట తెలిసే నేను మాట్లాడటానికి లేచాను.

నా పేరు సౌజన్య. మగ్గాలకు నూలు కండెలు చుట్టే పెంటమ్మ కూతురిని. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. చదవడం నాకు బడి నేర్పింది. చదివినదాని మీద నోరు తెరిచి ఎదురు చెప్పడం రాధమ్మ పెద్దమ్మ నేర్పింది. ఆమె నేర్పిన పని ఆమె సభలో చేయకపోతే ఇంకెక్కడ చేయాలి?

ఆమె ఏం చదివింది? ఏడో తరగతి. ఏం చేసేది? పొద్దంతా గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం నేసేది. కానీ నవలల గురించి ఆమెకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. మంచి నవల వేరు, గుంపులో చదవాల్సిన నవల వేరు అనేది. "ఒక్కదానివే చదివి ఏడ్సుకునే పుస్తకం ఇంట్ల పెట్టుకో. ఈడికి తెచ్చేది వేరే ఉంటది. అది చదివినంక ఇద్దరు ఒక్క తీరుగ మాట్లాడొద్దు" అనేది. నవల అయిపోయాక మన ముఖాల వంక చూసి "ఏమంటరు?" అని అడిగేది. అందరం బాగుంది అని ఊరుకుంటే కాసేపు చూసేది. "ఎవ్వరు మాట్లాడుతలేరు. ఇది మనది కాదు" అని దాన్ని పై అరలో పెట్టేసేది. గుర్తుందా? ఎంత పేరున్న పుస్తకమైనా సరే, మన మౌనమే దానికి సున్నా మార్కు.

మన దగ్గర ఎప్పుడూ ఒక్క ప్రతే ఉండేది. పెద్దమ్మ కర్నూలులో పాత పుస్తకాల దుకాణం నుంచి తెచ్చేది. తొమ్మిది ఇళ్ళకు ఒక్క పుస్తకం ఎట్లా తిరగాలి? పోగులు కోసే బ్లేడుతో దాని కుట్టు విప్పేది. నాలుగు కట్టలు చేసి, చీరల్లో మిగిలిన పట్టుపోగులతో కట్టేది. మొదటిది ఎరుపు, తర్వాత పసుపు, ఆకుపచ్చ, ఆఖరుది నీలం. ఒక ఇంట్లో ఎరుపు అయిపోగానే పక్కింటికి పోవాలి, పసుపు రావాలి. అదీ వరుస. మొదటిసారి ఆ బ్లేడు చూసి భాస్కర్ సార్ కళ్ళు మూసుకున్నారు. పుస్తకాన్ని కాదు, కోడిని కోస్తున్నట్టు.

ఆ వరుసను మొదట తప్పించింది మా ఇల్లే. నేను ఇంటర్‌లో ఉన్నప్పటి సంగతి. ఆ నెల మా అమ్మ చుట్టే చీరలో ఎరుపు తర్వాత ఆకుపచ్చే రావాలి. అమ్మకు చదువు రాదు, రంగులు వచ్చు. ఎరుపు ఇచ్చేసి ఆకుపచ్చ తెచ్చింది. పేజీ అంకెలు చూడాల్సింది నేను. చూడలేదు. కండెలు చుడుతున్న అమ్మకు అట్లాగే చదివి వినిపించాను. అందులో ఒక భార్య ఇల్లు విడిచి పోతుంది. ఆ ఆదివారం మా అమ్మ ఈ గదిలో నిలబడి ఆ భార్యను తిట్టిన తిట్లు మీలో చాలామందికి గుర్తుంటాయి. రాధమ్మ పెద్దమ్మకు సంగతి అర్థమైంది. నవ్వలేదు. తప్పు అనలేదు. పసుపు కట్ట నా చేతిలో పెట్టి పంపింది, అంతే. ఆ కట్టలో భర్త ఏం చేశాడో ఉంది.

మరుసటి ఆదివారం మా అమ్మ అందరికంటే ముందే వచ్చింది. "పోయిన వారం నేనన్నది తప్పు. సగం ఇని తీర్పు చెప్పిన. గాయన చేసిన పనికి ఆమె పోక ఏం జేస్తది?" అంది. మా అమ్మ అన్న మాట వెనక్కి తీసుకోవడం నేను పుట్టాక అదే మొదటిసారి. రాధమ్మ పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "అన్న మాట వాపసు తీసుకునేటట్టు చేసిందంటె, గిదే గుంపు నవల" అంది. అప్పటి నుంచి ఆమె కొలత అదే.

ఆ నవల అంతటితో ఆగలేదు. ఆ ఎండాకాలం మా నాయన నన్ను డిగ్రీకి వనపర్తి పంపనన్నాడు. ఇంటర్ చాలన్నాడు. మా అమ్మ కండె పక్కన పెట్టి ఒక్క మాట అంది: "సగం చదివిచ్చి పిల్ల ఎట్లుందో చెప్పకు. మొత్తం చదవనియ్." మా నాయన ఆ మూలన కూర్చున్నాడు. అబద్ధమైతే అబద్ధమని చెప్పమనండి. ఇవాళ నేను నాగర్‌కర్నూల్‌లో బి.ఎడ్. చదువుతున్నాను.

ఇంకొక సంగతి చెబుతాను, భాస్కర్ సార్ ఏమీ అనుకోవద్దు. ఆడవాళ్ళ గుంపుకు తగినవని సార్ పది నవలల జాబితా రాసిచ్చారు. పుస్తకాలు కూడా తెచ్చిచ్చారు. తేలిక భాష, మంచి నీతి. పెద్దమ్మ రెండు నెలల్లో పదీ చదివింది. పదీ సంచిలో పెట్టి తిరిగి ఇచ్చింది. "సార్, వీటిల అందరు మంచోళ్ళే ఉన్నరు. మంచోళ్ళ మీద మేం ఏమని కొట్లాడాలె? మేం తేలికోళ్ళమని ఎవరన్నరు మీకు?" అని అడిగింది. సార్ ఆ రోజు కోపంగానే పోయారు. వారం తిరగకుండా వచ్చి మన చాప మీద కూర్చున్నారు. ఇప్పటికీ కూర్చుంటున్నారు.

ఇప్పుడు శాంతయ్య పెదనాయనతో మాట్లాడాలి. పెదనాయనా, మీరు మన చేనేత సంఘానికి పెద్ద. తాళం చెవి మీ జేబులో ఉంది. మొన్న నాతో ఏమన్నారు? "ఆమె ఉన్నన్ని దినాలు నడిచింది. ఇంక గా కథల ముచ్చట ఎందుకు బిడ్డా, మగ్గం పని చెడుతది." మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ అడుగుతాను. ఏడేళ్ళలో ఎన్ని చీరలు ఆలస్యమయ్యాయి? ఒక్కటి. నిజమే, ఒక్కటి అయింది. ఒక నవలలో కొడుకును బయటికి గెంటిన తల్లి మీద కొట్లాట ముదిరి మూడు మగ్గాలు పూటంతా ఆగాయి. ఆ చీరను రాధమ్మ పెద్దమ్మే పండుగ నాడు కూర్చుని నేసి ఇచ్చింది. ఇంకోటి అడుగుతాను. ప్రతి ఆదివారం ఆ కిటికీ బయట బీడీ తాగుతూ కూర్చున్నది ఎవరు? "ఆ ముసలాయనదే తప్పు, మీకు సమజ్ కాలే" అని లోపలికి కేకేసింది ఎవరు? ఈ గదికి తాళం వేస్తే, పెదనాయనా, మీరు ఏ కిటికీ దగ్గర కూర్చుంటారు?

ఆమె లేదు కాబట్టి ఇది ఆగాలట. నేను ఒప్పుకోను. ఇది ఆమె సొంత ముచ్చటైతే ఆమెతోనే పోయేది. తొమ్మిది ఇళ్ళలో మనుషులు అన్న మాట వెనక్కి తీసుకోవడం నేర్చుకున్నారు. దాన్ని ఏ మూట కింద దాస్తారు?

చివరి మాట. ఈ నెల నవలలో మూడు కట్టలు ఆమె చదివింది, మూడోది కర్నూలు దవాఖాన మంచం మీద. నీలం కట్ట వరుసలో ఆమెకంటే ముందున్న హెప్సిబా అక్క దగ్గర ఉంది. పెద్దమ్మ పరిస్థితి తెలిసి అక్క ఆ కట్ట పట్టుకుని కర్నూలుకు పోయింది. పెద్దమ్మ తీసుకోలేదు. "నువ్వు చదివినావా? సగమే అయ్యిందా? మరి వరస తప్పుతవెందుకు? నా వంతు రానియ్. ఆఖరు మాత్రం చెప్పకు" అంది.

ఆమె వంతు వచ్చింది. ఇవాళే, ఆదివారమే. హెప్సిబా అక్క చదవడం అయిపోయింది. కట్ట ఇదిగో, నా చేతిలో ఉంది. సభ అయ్యాక మేము ఈ గదిలోంచి కదలము. ఆమె వంతు నేను ఇక్కడే, ఆఖరు పేజీ దాకా గట్టిగా చదువుతాను. ఉండేవాళ్ళు ఉండండి. పోయేవాళ్ళు తలుపు తెరిచే పెట్టి పోండి. పెదనాయనా, మీరు ఇవాళ కిటికీ బయట కాదు, లోపల కూర్చోండి.

ఇప్పుడు అందరం లేచి రాధమ్మ పెద్దమ్మ కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. రెండే. మూడో నిమిషం కూడా ఊరుకుంటే, మనం ఆమెను పై అరలో పెట్టినట్టే. లేవండి.